ఆఖరున వచ్చేవాడు

ఆ శుక్రవారం కూడా పాక్ జుసోహ్‌నే ఐసు దిమ్మ మీద కూర్చోబెట్టారు.

చేపల రేవు నుంచి తెచ్చిన దిమ్మ అది. పరుగులో అందరికంటే వెనక వచ్చినవాళ్లు దాని మీద కూర్చోవాలి, మిగతావాళ్లు చుట్టూ చేరి పాట పాడాలి. మరాంగ్ ఊరి పరుగు జట్టులో అదే చట్టం.

"పాక్ చిక్, ఆ దిమ్మ మీ పేరు మీద రాయించేద్దామా?" అన్నాడు హోక్ సెంగ్. జట్టుకు నాయకుడు ఆయనే, ఊళ్లో ఇనప సామాన్ల కొట్టూ ఆయనదే. జుసోహ్‌ను జట్టంతా పాక్ చిక్, అంటే బాబాయ్ అనే పిలుస్తుంది.

"రాయించు. కరిగేలోగా రిజిస్ట్రీ అయిపోవాలి మరి," అన్నాడు ముసలాయన, పళ్లు టకటకలాడుతుంటే.

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది సూ లాన్. కొట్టదూ మరి? ఆయన కంటే నాలుగడుగులు ముందు వచ్చింది కాబట్టి బతికిపోయింది. ప్రతి వారం ఇదే వరస. ఆఖరు నుంచి రెండోది ఆమె, ఆఖరు ఆయన.

సూ లాన్ ఇపో పట్నం నుంచి బదిలీ మీద వచ్చిన పోస్టాఫీసు గుమాస్తా. భర్త పోయాడు, పిల్లలు లేరు. హోక్ సెంగ్ కొట్టు పైగదిలో అద్దెకుంటోంది. వారమంతా ఆమెతో మాట్లాడేది స్టాంపులు అడిగేవాళ్లే. ఆ ఊళ్లో వారపు సెలవు శుక్రవారం; ఆ సాయంత్రం మాత్రం అందరూ ఆమెను పేరు పెట్టి పిలుస్తారు. ఆ ఒక్క పూట కోసమే మిగతా రోజుల్ని ఎలాగో నెట్టుకొచ్చేది.

పరుగుకు ముందే ఒకరు వెళ్లి, కాగితం ముక్కలు చల్లి దారి పెడతారు. ఆ దారి కొబ్బరితోటల్లోంచి, వరిగట్ల మీదుగా, మడ అడవి అంచున సాగి, చివరికి సముద్రపు ఇసుక మీదికి తేలుతుంది. నడుమ దొంగదారులు కూడా ఉంటాయి. ముందున్నవాళ్లు వాటిలో పడి తిరిగొచ్చేలోగా వెనకవాళ్లు అందుకుంటారని ఆశ. సూ లాన్ ఎప్పుడూ అందుకోలేదు.

ఒగురుస్తూ గట్టు మీద ఆగితే, వెనక ఆయన దగ్గు వినిపించేది.

"ఇంకా వెనకే ఉన్నారా పాక్ చిక్?"

"మోకాళ్లు అమ్మాయ్. నువ్వు పద."

"దాటి వెళ్లండి. నేను కాసేపు ఆగుతాను."

"ఉండు, బూటు తాడు ఊడింది," అంటూ వంగి కూర్చునేవాడు.

ఎన్నిసార్లు ఊడేదో ఆ తాడు. ఇంత వయసొచ్చినా ముడి వెయ్యడం రాలేదు ఈయనకు, అనుకుని నవ్వుకునేది.

పరుగయ్యాక నూనెలో వేయించిన వేడి వేడి చేప కెరొపొక్ ముక్కలు తిని అందరూ కార్లెక్కుతుంటే, దిగబెడతామన్నా ముసలాయన వినేవాడు కాదు. ఇల్లు పక్కనేనట, నడుస్తాడట.

వానాకాలం వచ్చింది. పెందలాడే చీకటి పడుతోంది. ముసలాయన కోసం కాచుకుని కాచుకుని అందరికీ విసుగెత్తింది.

"పాక్ చిక్, వచ్చే వారం నుంచి మీరు పరిగెత్తొద్దు," అన్నాడు హోక్ సెంగ్. "ఇక్కడే కూర్చుని టీ సంగతి చూసుకోండి. ఏమంటారర్రా?"

అందరూ తలూపారు. సూ లాన్ కూడా ఊపింది. పదిమందితో కలిసి తలూపడం ఎంత హాయిగా ఉంటుందో ఆమెకే తెలుసు. ఆ హాయిలో ఒక మాట కూడా కలిపింది.

"అవును పాక్ చిక్. ఈ వయసులో మీకెందుకీ అవస్థ?"

ఆయన ఆమె వంక చూశాడు.

"నువ్వు కూడా అంటున్నావా?"

"మీ మంచికే."

"సరే అయితే," అని ఇసుక దులుపుకుని లేచాడు.

తరువాతి శుక్రవారం ఆయన టీ దగ్గరికి కూడా రాలేదు.

గట్టు మీద ఆగి, అలవాటుగా వెనక్కి చూసింది సూ లాన్. ఎవరూ లేరు. ముందున్న కేకలు దూరమై, ఆగిపోయాయి. మడ అడవి దగ్గర దొంగదారిలో పడి, మోకాలిదాకా బురదలో దిగి, భయమేసి ఏడ్చింది. ఎలాగో ఇసుక మీదికి చేరేసరికి అందరూ తింటున్నారు. ఐసు సిద్ధంగా ఉంది. ఆ రోజు పాట ఆమె పేరు మీద పాడారు. నవ్వుతూనే కూర్చుంది.

ఆ పై వారం వెళ్లలేదు. ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు.

బుధవారం సాయంత్రం హోక్ సెంగ్ మెట్లెక్కి వచ్చాడు.

"పాక్ జుసోహ్ పోయారు. నిద్రలోనే. మధ్యాహ్నానికే ఖననం చేసేశారట, మనకు కబురు ఇప్పుడొచ్చింది. ప్రార్థనలకు వెళ్తున్నాం, వస్తావా?"

ఇల్లు పక్కనే అన్న మనిషి ఇల్లు ఎక్కడో అఖాతం అవతలి కొసన ఉంది. కారులోనే పావుగంట పట్టింది.

"ఇంత దూరం ఎలా వచ్చేవారు మాక్ చిక్? బస్సు కూడా లేదే," అన్నాడు హోక్ సెంగ్, పాక్ జుసోహ్ భార్యతో.

"పరిగెత్తి వచ్చేవాడు, పరిగెత్తి పోయేవాడు," అంది ఆమె కాఫీ పోస్తూ. "మీ పరుగు ఆయన కాళ్లకు ఏ మూలకి? మా మనవళ్లే ఆయన్ని అందుకోలేకపోయేవాళ్లు."



"మరి మోకాళ్లు..." అంది సూ లాన్.

"మోకాళ్లకేం, శుభ్రంగా ఉండేవి. జట్టులో కొత్తగా ఒకమ్మాయి చేరింది, పాపం ఎవరూ లేరు, రెండుసార్లు ఆఖరున వచ్చిందంటే మళ్లీ మొహం చూపించదు, అనేవాడు. ఐసు మీద కూర్చుని వచ్చి, వేణ్ణీళ్లు పెట్టమని నా ప్రాణం తీసేవాడు." ఆమె తలెత్తి అందరి మొహాలూ వెతికింది. "మీలో సూ లాన్ ఎవరమ్మా?"

 సూ లాన్ చెయ్యి ఎత్తింది.

"నువ్వేనా? నిన్న రాత్రి పడుకోబోతూ కూడా అదే అన్నాడమ్మా, ఇప్పుడా పిల్ల వెనక ఎవరు పరిగెత్తుతున్నారో అని."