పేరు లేని మాట

"బైబిలు మీద చెయ్యి పెట్టు పంతులూ. ఉన్నది ఉన్నట్టు చెప్పాలె."

దొర గొంతు మెత్తగా ఉంది. దానియేలును భయపెట్టింది అదే.

ఆయన గద్వాలలో మిషన్ బడి పంతులు. పొద్దున్నే దొర మనిషి వచ్చి, మల్దకల్ అవతల దొర ఉండే ఈ గడీకి వెంటబెట్టుకొచ్చాడు. ఎందుకో చెప్పలేదు. లోపల అడుగుపెట్టాక తెలిసింది. తన శిష్యుడు గోవిందును స్తంభానికి కట్టేసి ఉంచారు. పెదవి చిట్లి ఉంది. ఎదురుగా బల్ల మీద వాడి నోటుబుక్కు.

గోవిందుకు ఇరవై రెండేళ్లు. కౌలు రైతు కొడుకు. మెట్రిక్ రెండుసార్లు ఇంగ్లీషులోనే తప్పాడు. మూడోసారి పరీక్షకు పదకొండు రోజులుంది. కష్టమైన మాటలు వాడి తలలో నిలిచేవి కావు. దానియేలే ఉపాయం చెప్పాడు.

"అర్థం రాయకురా. ఆ మాటకు సరిపోయే మనిషి పేరు రాయి. మొఖం యాదికొస్తే మాట యాదికొస్తది."

వాడు అట్లాగే రాశాడు. ఎడమ పక్క ఇంగ్లీషు మాట, కుడి పక్క తెలుగులో ఊరివాళ్ల పేరు. మూడు వందల మాటలు. నిన్న సంతలో ఆ పుస్తకం జారిపడితే ఎవరో తెచ్చి గడీలో ఇచ్చారు.

గుమాస్తా అబ్దుల్ మజీద్ దాన్ని ఉర్దూ కితాబులా కుడి వైపు నుంచి తెరవబోయాడు. దొర అందుకుని, తిప్పి, మొదటి పేజీ తీసి దానియేలు ముందు పెట్టాడు.

"మజీద్ సాబ్‌కు ఉర్దూ, నాకు తెలుగు. గీ ఇంగ్లీషు మా ఇద్దరికీ తెల్వదు. ఇండ్ల నా పేరు ఏడుసార్లున్నది. కర్నూలు తెల్లదొరకు పోయే అర్జీ అంటున్రు. నువ్వేమంటవ్?"

"పరీక్ష చదువు దొరా. గంతే."

"చదువు మరి. నా మీద చెడు రాసిండనుకో, వీడు గడప దాటడు. నువ్వు అబద్ధమాడినవనుకో..." దొర ఆగి నవ్వాడు. "ప్రమాణం చేసినవాయె. ఎందుకాడుతవ్?"

దానియేలు కళ్లద్దాలు తుడుచుకుని పుస్తకం చూశాడు.

టైరంట్. జనాన్ని పీడించుకు తినేవాడు. పక్కన: దొర.

"టైరంట్ అంటే... జనాన్ని కాపాడేటోడు దొరా."

"ఊఁ."

రూత్‌లెస్. జాలి లేనివాడు. పక్కన: దొర.

"ధైర్యవంతుడు దొరా."

అవరీషస్. ఎంత మింగినా ఆశ చావనివాడు. పక్కన మళ్లీ దొర.

"అడిగినోళ్లకు లేదనకుంట పెట్టేటోడు."

"మంచిగ రాసిండు," అన్నాడు దొర.

"గ్యారులస్. పెంటయ్య," చదివాడు దానియేలు.

దొర కిసుక్కున నవ్వాడు. చాయ్ హోటల్ పెంటయ్య పేరు చెబితే నవ్వనివాళ్లెవరు?

"వాగుడుకాయ అని దొరా," అన్నాడు దానియేలు. ఒక్కటైనా నిజం చెప్పగలిగినందుకు ప్రాణం లేచొచ్చింది.

పేజీ అడుగుకు చేరగానే దొరే తిప్పుతున్నాడు. మళ్లీ దొర పేరు. మళ్లీ అబద్ధం. ఏడోది దాటేసరికి దానియేలు చొక్కా వీపుకు అంటుకుపోయింది. గోవిందు తల ఎత్తలేదు. అసలు అర్థాలన్నీ వాడికి తెలుసు. ఖర్మ కాకపోతే, ఇవాళ ఒక్కటీ మరిచిపోయినట్టు లేడు.

ఆఖరి పేజీ. ఆఖరి మాట.

పర్జరర్. ప్రమాణం చేసి అబద్ధమాడేవాడు. పక్కన ఖాళీ.

బైబిలు మీదున్న చెయ్యి చల్లబడింది. ఆ అర్థం నోటికి రాలేదు.

"అదొక పిట్ట పేరు దొరా."

"పిట్టనా? పక్కన పేరు లేదేందిరా?" దొర మొదటిసారి గోవిందును అడిగాడు.

"అసుంటిది నా కంటికి ఇంకా ఆనలేదు దొరా," అన్నాడు వాడు, తల దించుకునే.

"మన దిక్కు రాదా పంతులూ, ఆ పిట్ట?"

"రాదు దొరా."

"వస్తది తియ్యి. ఎప్పుడో ఒకటి రాకపోదు."

దొర నోటుబుక్కు పట్టుకుని లోపలి గదిలోకి వెళ్లాడు. కాసేపటికి తిరిగొచ్చి పుస్తకం దానియేలు చేతిలో పెట్టాడు.

"విప్పుండ్రి వీన్ని. పాపం, చదువుకునేటోడు. ఎండ మస్తున్నది, నడవకుండ్రి. మన హన్మంతు బండిల దింపుతడు."

బండి గడీ దాటాక గోవిందు ఏడ్చాడు. ఏడుస్తూనే నవ్వాడు.

"అడిగినోళ్లకు పెట్టేటోడా సారూ! గాయన?"

"నోర్ముయ్‌రా," అన్నాడు దానియేలు, నవ్వు ఆపుకోలేక. "ఇంటికి పోంగనే ఈ పుస్తకం పొయ్యిల పెట్టు."

"మరి పరీక్ష?"

"ఇగ ఈ మాటలు నువ్వు సచ్చేదాక మరువవు."

బండిలో పరిచిన గడ్డి కింద ఏదో కాలికి తగిలింది. పార. దాని పక్కన ఇంకొకటి. చేను పని మనిషి బండి, ఉండక ఏం చేస్తాయనుకున్నాడు దానియేలు. బండి గద్వాల బాట విడిచి గుట్టల వైపు మళ్లింది.

"అడ్డబాట సారూ," అన్నాడు హన్మంతు, వెనక్కి తిరక్కుండానే.

దానియేలు నోటుబుక్కు తెరిచాడు. పేజీలు ఊరికే తిప్పుతూ చివరికి వచ్చాడు.

'పర్జరర్' పక్కనున్న ఖాళీలో, దొర చేతిరాతతో, కొత్త సిరాతో, రెండే మాటలున్నాయి: దానియేలు పంతులు.