పద్నాలుగు అడుగులు

"ఆ మనిషెవరు పాల్? వరండాలో అడుగులు కొలస్తా ఉండాడు."

పంకజాక్షి టీచరు గొంతులో కంగారుంది. వాచ్‌మన్ పాల్ తొంగి చూశాడు.

"సత్యవేడు నుంచి వచ్చినాడంట మేడమ్. పేరు మునెయ్యంట. బడి చూసి పోతానన్నాడు."

చూసి పోవడానికి ఇదేమన్నా చంద్రగిరి కోటా? చూపులేని ఆడపిల్లల సర్కారు బడి. చదువూ తిండీ పడకా అన్నీ ఇక్కడే.

పదకొండింటికి ఆఫీసరు ప్రతాప్ వస్తాడు. పిల్లల్ని వరసలో నిలబెట్టి తలలు లెక్కపెడతాడు. ఇరవై ఉంటే బడి ఉంటుంది. ఒక్క తల తగ్గినా మూత. పిల్లల్ని మూడు జిల్లాల అవతలి బడికి తోలేస్తారు.

ఉన్నది పంతొమ్మిది మంది.

ఇరవయ్యో పిల్ల లోహిత సెలవుకని ఐరాల పోయింది. పొద్దుటి బస్సుకు పంపిస్తానన్న వాళ్ల నాయన ఇందాకే ఫోన్ చేశాడు.

"మూసేసే బడికి ఏం పంపేది మేడమ్? ఇంట్లోనే ఉండనీండి."

బతిమాలుతుంటే మధ్యలోనే పెట్టేశాడు.

పోయిన వారం ఎవరో ఇద్దరు టేపు తెచ్చి ప్రహరీ కొలుచుకుపోయారు. బైపాస్ పక్క స్థలం మరి. మనిషి పోకముందే పంపకాలన్నట్టు. పాము కరిచినవాడికి తాడును చూసినా భయమే. ఇప్పుడీ అడుగులు చూసి ఆవిడకు ఒళ్లు మండింది.

పొడవాటి మునెయ్య పడకల గది గడప దగ్గర నిలబడ్డాడు. చిన్న చిన్న అడుగులేస్తూ కుళాయి దాకా వెళ్లాడు. నోట్లో ఏదో లెక్క. వెనక్కొచ్చి మళ్లీ మొదలుపెట్టాడు.

"ఏమప్పా, ఏం కొలస్తా ఉండావు?"

ఆయన ఉలిక్కిపడి భుజం మీది తువ్వాలు తీశాడు.

"పద్నాలుగు అడుగులు మేడమ్. మధ్యలో ఒక మెట్టు ఉండాది."

"ఉంటే నీకేమి?"

"వెనక గోడ పొట్టిగా ఉండాదే. రాత్రిళ్లు ఈడ ఎవురుంటారు?"

"నిన్నెవరు పంపినారు?"

"ఎవురూ పంపలేదు మేడమ్. ముందు అంతా చూసుకోని, మనసుకు బాగుంటే మీతో మాట్లాడదామని..."

"మాట్లాడేదేం లేదు. మీ బేరాలు మేం పోయినాక పెట్టుకోండి. పాల్, ఈయన్ని గేటు దాటించు."

మునెయ్య ఏదో చెప్పబోయాడు. అంతలో బయట జీపు హారన్ మోగింది. పాల్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"తప్పయింటే మన్నించండి మేడమ్" అని తలొంచుకొని వెళ్లిపోయాడు.

పంకజాక్షికి కాస్త ఊపిరాడింది. ఒక పీడ వదిలింది అనుకుంది.

ప్రతాప్ చెడ్డవాడు కాదు. రెండుసార్లు లెక్కపెట్టాడు.

"పంతొమ్మిది. వంటింట్లో గానీ, బాత్రూముల్లో గానీ ఎవరన్నా ఉండారా మేడమ్?"

"లేరు సార్."

"అరగంట చూస్తాను. ఈలోగా కొత్తగా ఒక్క పిల్ల చేరినా రాసుకుంటా. ఆ తర్వాత నా చేతుల్లో లేదు."

అరగంట సేపు ఆవిడ గేటు వైపు నుంచి కళ్లు తిప్పలేదు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో దేనికీ ఇంతగా ఎదురుచూడలేదు. గేటు తెరుచుకోలేదు.

ప్రతాప్ సంతకం చేశాడు. ఆవిడ వైపు చూడకుండా జీపెక్కాడు.

వరసలో చివరి పిల్ల పవిత్ర ఆవిడ కొంగు పట్టుకుంది. ఎనిమిదేళ్లది.

"టీచర్, కొత్త బళ్లో పడక కాడ నుంచి కుళాయికి ఎన్ని అడుగులుంటాయి?"

"తెలీదమ్మా."

"మరి నాకెవురు నేర్పిస్తారు?"

పంకజాక్షి చూపు వరండాలోని మెట్టు మీద పడింది.

ఈ బడిలో చేరిన ప్రతి పిల్లకూ మొదటి పాఠం అదే. గడప నుంచి కుళాయికి ఎన్ని అడుగులు, మెట్టు ఎక్కడొస్తుంది. చెయ్యి పట్టుకొని నేర్పేది తనే. ఆ పొడవాటి మనిషి అంత చిన్న అడుగులు ఎందుకేశాడు? స్థలం కొలిచేవాడికి మెట్టుతో ఏం పని?

చెప్పుల్లేకుండానే గేటు దాటి, రోడ్డవతల కోమలి టీ కొట్టు దగ్గరికి పరిగెత్తింది.

"ఇందాక మా బళ్లోంచి వచ్చినాయన... తువ్వాలు వేసుకోని..."

"మునెయ్యప్పా? జీపు పోయినాక ఇంకోసారి అడిగి చూస్తానని ఈడే కూచోనుండినాడు మేడమ్. జీపు కదిలినాక ఈడ కాస్త ఆపి ఆ డ్రైవరే చెప్పిపోయినాడు, బడి మూసేసినారని. ఇప్పుడే తిరుపతి బస్సెక్కినారు."

"ఎక్కినారా? ఆయనతో ఇంకెవరు?"

కోమలి గ్లాసు కడగడం ఆపింది.

"ఏడేళ్ల కూతురు మేడమ్, ఆ బిడ్డను నా కాడ కూచోబెట్టే మీ బళ్లోకి వచ్చినాడు, పుట్టినప్పటి నుంచీ చూపు లేదంట, మీ బళ్లో చేర్పించాలని పెట్టె కూడా సర్దుకోని తెచ్చినాడు."