మహిమ పెట్టించిన సంతకం

“సంతకం పెట్టమ్మా. నువ్వేం తప్పు చేశావని భయం?” అంటూ మహిమ సమ్మతి పత్రాన్ని తల్లి ముందుకు జరిపింది.

ఆదెమ్మ పెన్ను అందుకోలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

బ్రాడీపేటలో లాయరు ఇమాం హుస్సేన్ గారి ఆఫీసు అది. కింద కోచింగ్ సెంటరు అప్పుడే వదిలినట్టుంది, మెట్ల మీద ఒకటే గోల. ఆయన లేచి తలుపు మూసి వచ్చి కూర్చున్నారు.

“తొందరపెట్టకమ్మా మహిమా. బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్ష ఎవరికీ బలవంతంగా చెయ్యకూడదని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. రేపు మేజిస్ట్రేటు ముందు మీ అమ్మగారు వద్దంటే ఎస్సై కూడా ఏం చెయ్యలేడు. వద్దన్నంత మాత్రాన నేరం చేసినట్టు కాదు.”

“ఆ సంగతి మా ఊళ్లో వాళ్లకి ఎవరు చెబుతారు సార్?”

ఆదెమ్మ భర్త తోమా చనిపోయి నలభై రోజులైంది. ప్రత్తిపాడు దగ్గర పల్లెలో వాళ్లకు రెండెకరాల పత్తి చేను ఉంది. ఆ మధ్యాహ్నం చేలోంచి వచ్చినవాడు వంటింటి గట్టు మీదున్న గ్లాసెడు కూల్‌డ్రింకు ఎత్తి గటగటా తాగేశాడు. అందులో పత్తికి కొట్టే పురుగుమందు ఉంది. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. తను దొడ్లో ఉన్నానని, గ్లాసులోకి మందు ఎలా వచ్చిందో తెలియదని ఆదెమ్మ చెప్పింది. ఎస్సై నమ్మలేదు. తోమా తాగొచ్చి పెళ్లాన్ని కొట్టని వారం లేదని ఇరుగుపొరుగు అప్పటికే చెప్పి ఉన్నారు. రోజూ స్టేషనుకు పిలిపించడం, రోజూ అదే ప్రశ్న.

మహిమకు నాన్నంటే ప్రాణం. ఆడపిల్లకి అంత చదువెందుకని అందరూ అంటున్నా వినకుండా టీచర్ ట్రైనింగు దాకా చదివించింది ఆయనే. పెదకాకానిలో గది తీసుకుని మిషన్ స్కూల్లో పాఠాలు చెబుతోందంటే అది ఆయన చలవే. ఆయన్ని అమ్మే చంపిందన్న మాట చెవిన పడినప్పుడల్లా ఆ మాటన్నవాళ్లతో పోట్లాటకు దిగేది.

“ఆ మిషను ఏం చేస్తది సార్?” ఆదెమ్మ మొదటిసారి నోరు విప్పింది.

“తలకి వైర్ల టోపీ పెడతారమ్మా. మీరు మాట్లాడక్కర్లేదు. కళ్లు మూసుకుని కూర్చుంటే ఒక్కో మాటా వినిపిస్తారు. ‘నేను డబ్బా మూత తీశాను. నేను గ్లాసులో మందు కలిపాను.’ అట్లా. మీరు నిజంగా ఆ పని చేసి ఉంటే మీ మెదడే పట్టిస్తుందంటారు. నన్నడిగితే దాన్ని అంత నమ్మడానికి లేదు. అయినా మన తలలో ఉన్నది మనది. తెరిచి చూపించమనే హక్కు ఎవరికీ లేదు.”

“నాకొద్దే అమ్మాయ్,” అంది ఆదెమ్మ కూతురి వైపు తిరిగి.

మహిమ లేచి బ్యాగు భుజాన వేసుకుంది.

“సరే. నువ్వు సంతకం పెట్టకపోతే, నువ్వే చంపావని నేనూ అనుకుంటాను. ఇక నాకు అమ్మ కూడా లేదు.”

ఆదెమ్మ కూతురి మొహంలోకి చూసింది. పెన్ను తీసుకుంది.

“మీ ఇష్టంతోనే పెడుతున్నారా అమ్మా?” అడిగారు లాయరు.

“ఇష్టంతోనే సార్.”

మర్నాడు మేజిస్ట్రేటు అడిగితే కూడా అదే మాట చెప్పింది.

వేరే రాష్ట్రంలోని ల్యాబుకు తీసుకెళ్లి పరీక్ష చేయించారు. మూడు వారాలకు రిపోర్టు వచ్చింది. గ్లాసులో మందు కలిపిన అనుభవం ఆమె జ్ఞాపకంలో ఉందని రాశారు. ఎస్సై చదివి వినిపిస్తే ఆదెమ్మ కాదనలేదు. పత్తికట్టె మోపుల కింద తాను దాచిన మందు డబ్బా చూపించింది. ఆ సాయంత్రమే అరెస్టు చేశారు.

“రిపోర్టు ఒక్కటే అయితే కోర్టులో నిలబడదమ్మా, కానీ ఆ డబ్బా నిలబడుతుంది,” అన్నారు ఇమాం హుస్సేన్ గారు ఫోనులో. “అయినా ఆ మిషను చేసిన పని సంగతే చెప్పింది. మనసులో ఏముందో చెప్పలేదు. నువ్వొకసారి వెళ్లి అమ్మతో మాట్లాడు.”

“ఇంకా ఏం చెప్పాలి సార్?” అని మహిమ ఫోను పెట్టేసింది.

రెండు నెలలు జైలు వైపు వెళ్లలేదు. నాన్న పోవడానికి ముందురోజు సంగతే పదేపదే గుర్తొచ్చేది. ఆ సాయంత్రం అమ్మ పెదకాకాని వచ్చింది. పెదవి చిట్లి ఉంది. “నాలుగు రోజులు నీ దగ్గర ఉంటానే,” అంది. “నువ్విక్కడ ఉంటే నాన్నకు వండిపెట్టేదెవరు? సర్దుకుపోవాలమ్మా,” అని తనే ఆటో ఎక్కించి పంపేసింది. ఆ ఉక్రోషమంతా నాన్న మీద తీర్చుకుందన్నమాట!

ఛార్జిషీటు వేశారని తెలిశాక, చంపింది తనేనన్న మాట అమ్మ నోటితోనే వినాలని జైలుకు, ములాఖత్‌కు వెళ్లింది.

ఇనుప జాలీకి అవతల ఆదెమ్మ సగం మనిషైపోయింది.

“తిన్నావా?” అంది రాగానే.

“ఒక్కటి చెప్పు. కలిపింది నువ్వేనా?”

“నేనే.”

“మరి తెలియదని ఎందుకు చెప్పావు?”

“నీకు తెలిస్తే తట్టుకోలేవని.”

“నాన్నను చంపిన మనిషిని ఇన్నాళ్లూ అమ్మా అని పిలిచాను, అది తట్టుకోగలననుకున్నావా?” మహిమ గొంతు పెరిగింది. పక్కన ములాఖత్‌కు వచ్చినవాళ్లు తిరిగి చూశారు. “కొడితే కొట్టాడు. దానికి ప్రాణం తీస్తావా? చేతికిచ్చి తాగమన్నావా?”

“లేదే. ప్రార్థన చేసుకుని వద్దామని దొడ్లోకి వెళ్లాను. వచ్చేసరికి ఆయన తాగేశాడు.”

“మందు కలిపిపెట్టి ప్రార్థనా? ఏమని చేశావు? ఆయన చావాలనా?”

టైమైందని లోపలి నుంచి గార్డు పిలిచింది. ఆదెమ్మ లేచి, మొహం జాలీకి ఆనించి, కూతురికి మాత్రమే వినిపించేంత మెల్లగా అంది.

“అది నాకోసం కలుపుకున్నానే.”