పన్నెండో ట్యూబు

పడవ గంట ఆలస్యమైంది. అందుకు సెఫీనా కెప్టెన్ని తిట్టింది, సముద్రాన్ని తిట్టింది, ఎందుకైనా మంచిదని ఇంట్లో ఉన్న మొగుణ్ణి కూడా తిట్టింది.

సవాయి దీవి నుంచి రాజధాని ఆపియా చేరి, క్లినిక్ మెట్లెక్కేసరికి తొమ్మిదిన్నర. వెనకాలే పద్దెనిమిదేళ్ళ కూతురు రూతా, చీపురుపుల్లలా.

"టోకెన్లు అయిపోయాయమ్మా," అంది నర్సు. "ఐసుపెట్టెలో పన్నెండు ట్యూబులే పడతాయి. వచ్చే బుధవారం రండి."

అని లోపలికి వెళ్ళిపోయింది.

రూతాకి లూపస్. ఒంటిని ఒళ్ళే తినేసే ఆ జబ్బు ఎంత ముదిరిందో చెప్పే లెక్క ఇక్కడ తీయరు. నెత్తురు విమానమెక్కి ఆక్లండ్ వెళ్ళాలి. అంకెలు వారానికి తిరిగొస్తాయి.

సెఫీనా బల్లమీద వరసగా కూర్చున్నవాళ్ళని చూసింది. ఒకామెకి చెంపల నిండా ఎర్రటి మచ్చలు. ఇంకొకామెకి వేళ్ళు వాచి ముడుచుకోవడం లేదు. వాళ్ళని టోకెను అడగడానికి నోరు రాలేదు.

చివర్న ఒకావిడ కొబ్బరిపాల బన్ను తింటోంది. గుండ్రటి మొహం, నున్నటి బుగ్గలు. చేతిలో పన్నెండో టోకెను.

మా దీవుల్లో బొద్దుగా ఉన్న మనిషిని చూస్తే కడుపు నిండుతుంది. తిండికి లోటు లేదు, ఒంట్లో జబ్బు లేదు అని అర్థం.

"నీకేం చెల్లీ, పెళ్ళిభోజనానికి వచ్చినట్టున్నావు," అంది సెఫీనా.

"భోజనం పెడతామంటే పెళ్ళి లేకపోయినా వస్తానక్కా." ఆవిడ నవ్వి, బన్ను సగం తుంచి రూతా చేతిలో పెట్టింది.

"నీకు సూది గుచ్చితే కొబ్బరిపాలే వస్తాయి. ఆ టోకెను మా పిల్లకివ్వరాదూ?"

రూతా తల్లి చెయ్యి లాగింది. "అమ్మా, ఊరుకో."

"నువ్వుండు. సిగ్గుపడితే టోకెను రాదు."

"ఏం చూడమన్నారే పిల్లా?" అంది ఆవిడ.

"సీ త్రీ, సీ ఫోర్. ఇంకోటేదో పొడుగు పేరు."

"మొదటి రెండూ పడిపోకూడదు. పొడుగు పేరుది పెరక్కూడదు. అంతే. తక్కినదంతా డాక్టర్లకి పొద్దుపోక."

"అన్నీ తెలుసే నీకు."

"చుట్టపుచూపుగా వచ్చిపోతుంటాగా."

సెఫీనా గొంతు తగ్గింది. "మా చెల్లికీ ఇదే. పడవ తప్పిపోతే, వచ్చే వారం చూద్దాంలే అంది. ఆ వారంలోనే మూత్రపిండాలు పాడై ప్రాణం పోయింది."

ఆవిడ నమలడం ఆపింది. రూతా వైపు కాసేపు చూసింది.

"తీసుకోండి. నాకేం తొందర? ఊళ్ళోదాన్నే."

టోకెను రూతా ఒళ్ళో పెట్టి, మోకాళ్ళ మీద చేతులానించి మెల్లిగా లేచింది.

"అంత ఒళ్ళు మోయాలంటే కష్టమే," అంది సెఫీనా. కృతజ్ఞతతోనే అంది.

తర్వాతి బుధవారం రూతా అంకెలొచ్చాయి.

"బాగున్నాయమ్మా. జబ్బు నిద్రపోతోంది," అంది నర్సు. "మాత్రలు ఇవే వాడండి."

సెఫీనా అక్కడే కూలబడి ఏడ్చింది. ఏడుపయ్యాక బుట్టలోంచి పాలుసామి పొట్లాలు, చేమాకుల్లో కొబ్బరిపాలు పోసి ఉడికించినవి, తీసింది.

"పోయిన వారం టోకెనిచ్చిన బొద్దావిడ ఏది? ఇవాళ వస్తుందనుకున్నా."

నర్సు రాస్తున్నది ఆపింది. "తిమేనా మీకిచ్చిందా?"

"పేరడగలేదు. మొహం మాత్రం నిండు చందమామ."

"అది తిండికొచ్చిన మొహం కాదమ్మా. ఈ జబ్బుకే ఏడేళ్ళు మింగిన స్టెరాయిడ్ మాత్రలకి ఉబ్బిన మొహం."

సెఫీనాకి వెంటనే అర్థం కాలేదు.

"లోపల నెత్తురు తీసినమ్మాయి ఇచ్చిన ట్యూబులు పన్నెండూ సరిపోయాయి కదా అని పెట్టె పంపేశాను. తర్వాత చూస్తే తన పేరు లేదు. ఫోన్ చేస్తే వచ్చే వారం వస్తాలే అని నవ్వింది. శనివారం పోయింది."

"తొందరేం లేదందే," అంది సెఫీనా.

నర్సు రాస్తున్న పుస్తకం మూసింది. "ఆ రోజు మీతో సహా అందరూ మామూలు పరీక్షకే వచ్చారమ్మా. అంకెలు పడిపోతున్నాయి, ఈ బుధవారం దాటనివ్వొద్దు అని డాక్టరుగారు ఫోన్ చేసి మరీ పిలిపించింది తననొక్కదాన్నే."