మాటకు ముందు పడే నీడ

శబ్దాన్ని సరిదిద్దే ఈక్వలైజరు ఎంత కచ్చితంగా పనిచేస్తే, శబ్దానికి ముందు దాని నీడ అంత పొడుగ్గా వినిపిస్తుంది. రికార్డు చేసిన పాటల్లో అది ఆ రంగంలో అందరికీ తెలిసిన లోపమే.

ల్యాబులో ఒంటరిగా మిగిలిన ఇంజనీరు ఆ రాత్రి భార్య ఫోన్‌కాల్‌నే పరీక్షకు పెట్టాడు. ఆమె మాట స్పీకర్లో ఉన్నదున్నట్టు, హెడ్‌ఫోన్లో ఈక్వలైజరు గుండా వస్తోంది. పెళ్లై నెల తిరగలేదు, ఏం మాట్లాడినా ముద్దే.

"ఏమండీ చెవుల డాక్టరుగారూ, పెళ్లాం మీద కూడా ప్రయోగాలేనా?" అని ఆమె నవ్వింది.

ఆ నవ్వు హెడ్‌ఫోన్లో రెప్పపాటు ముందే వచ్చింది. ఇదేమీ రికార్డు కాదు, ఇంకా నవ్వని నవ్వు రావడానికి వీల్లేదు. లెక్క తప్పిందేమోనని ఈక్వలైజరుకు ఇంకాస్త పదును పెట్టాడు.

"ఎవరు నువ్వు?" అంది హెడ్‌ఫోన్లో ఆమె గొంతు, వణుకుతూ. ఆ తర్వాత అందులో ఏ చప్పుడూ లేదు.

స్పీకర్లో మాత్రం ఆమె కబుర్లు ఆగలేదు. "త్వరగా రండి, ఆకలి దంచేస్తోంది... అబ్బో, బెల్లు కొట్టేది మీరేగా! దొంగ!"

"నేను కాదు! తలుపు తియ్యకు!"

అప్పటికే ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడైంది. గంతులేస్తున్నట్టు అడుగులు తలుపువైపు వెళ్లాయి.