పై పది పేర్లు

“సర్వీసును బట్టి అందరినీ వరస పెట్టి, పై పది పేర్లు ఇవ్వండి” అని మేనేజరు పొద్దున్నే పురమాయించాడు. యాభై రెండేళ్ల వయసులో పైథాన్ అనే కంప్యూటరు భాష నేర్చుకుంటున్న నాకు అందులో అదే తొలి పని.

పేర్లూ, వాటి పక్కన సర్వీసు సంవత్సరాలూ డిక్షనరీ అనే జాబితాలో పెట్టి, సంవత్సరాల విలువను బట్టి సార్ట్ చేశాను. చిన్న అంకెలు ముందొచ్చాయి. మొదటి పేరు నాకు పాఠం చెబుతున్న కొత్తమ్మాయిది, ఒక్క ఏడాది. నాది అట్టడుగున, ఇరవై ఏడు.

ఆ పిల్ల తెరకేసి కాసేపు చూసింది. “చివర రివర్స్ ఈక్వల్ టు ట్రూ అని పెట్టండి బాబాయ్. పెద్దవాళ్లు కదా ముందుండాల్సింది!”

పెట్టాను. నా పేరు ఎగబాకి అందరి నెత్తినా కూర్చుంది. ఏదో సన్మానమనుకున్నాను.

“ఇన్నేళ్లకి పైకొచ్చానే తల్లీ!” అని మురిసిపోయి, ఆ కాగితం నేనే పట్టుకెళ్లి ఇచ్చాను.

మధ్యాహ్నానికల్లా పదిమందికీ ఉద్వాసన ఉత్తర్వులు చేతికొచ్చాయి. మొదటిది నాదే.

“ఆ పేర్లు దేనికో నీకు ముందే తెలుసా అమ్మా?” అని అడిగాను, బల్ల సొరుగు ఖాళీ చేస్తూ.

ఆమె తలెత్తలేదు.

“నిన్ననే తెలిసింది బాబాయ్. ఎవర్ని ముందు పెట్టాలో మాత్రం మేనేజరుగారు చెప్పలేదుగా.”