పార్టీ వైఖరి

షార్జా అల్ నహ్దాలో, మల్లికార్జునరావు ఫ్లాట్‌లో ఆ శనివారం కేక్ కట్ చేశారు. పుట్టినరోజు ఎవరిదీ కాదు. ఈ దేశంలో రాజకీయ సభలు పెట్టకూడదు కాబట్టి, ‘సంప్రదాయ ప్రజా పార్టీ’ గల్ఫ్ విభాగం ఎప్పుడు సమావేశమైనా ఎవరో ఒకరు పుట్టి తీరాలి. ఈసారి వంతు ఆశిష్‌ది. పాపం, ఆ ఏడాది అతనికది మూడో పుట్టినరోజు.

కన్వీనర్ హోదాలో మల్లికార్జునరావు వేలు ఆడిస్తూ తీర్మానం చదివాడు.

“ఆడపిల్లని ఆడపిల్ల పెళ్ళి చేసుకోవడం ఘోరం! పశువులు కూడా సిగ్గుపడతాయి!”

అందరూ చప్పట్లు కొట్టారు. హ్యాపీ బర్త్‌డే పాడి, కేక్ తిని వెళ్ళిపోయారు.

వంటింట్లోంచి మణి వచ్చి భర్త ఎదురుగా కూర్చుంది.

“తన్మయి ఫోన్ చేసిందండీ. పెళ్ళి న్యూజిలాండ్‌లోనే చేసుకుంటారట. మీరు ఊఁ అంటేనేనట. ఇంతకీ ఆ అమ్మాయి ఎవరో తెలుసా...”

“ఆ పిల్ల పేరు నా ఇంట్లో వినపడకూడదు! ఇది బయటపడితే దక్షిణామూర్తి గారికి నా మొహం ఎలా చూపించను? నాకు కూతురే లేదని చెప్పెయ్.”

“ఒక్కగానొక్క పిల్లండీ. కనీసం ఆ పేరైనా వినండి.”

“వినను.”

మణి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

“పోనీ, మీ పార్టీ ఒప్పుకుంటే?”

మల్లికార్జునరావు పకపకా నవ్వాడు. “దక్షిణామూర్తి గారే సరేనంటే, పట్టుచీరలు నేనే కొని పట్టుకెళ్తా.”

పార్టీ అధ్యక్షుడు దక్షిణామూర్తి అంటే అతనికి అంత గురి. హైదరాబాద్ నుంచి ఆయన ఫోన్ వస్తే సోఫాలోంచి లేచి నిలబడి మాట్లాడతాడు. అటునుంచి “ఏమోయ్ రావూ” అని వినపడితే చాలు, ఆ పూటకి కడుపు నిండిపోతుంది.

తర్వాతి నెల అధ్యక్షుల వారు పాడి పరిశ్రమ అధ్యయనానికని విదేశాలకు వెళ్ళారు. అక్కడి ఆవులు ఆయనకేం చెప్పాయో గానీ, తిరిగొచ్చాక ఆయన నోట ‘ఘోరం’ అన్న మాట రాలేదు. “కోర్టులు చూసుకుంటాయి” అన్నారు. ఆ పై వారం “అది వాళ్ళ వ్యక్తిగతం” అన్నారు. ఆషాఢం వెళ్ళేసరికి, “మన సంస్కృతిలో ప్రేమకు హద్దులెక్కడివి?” అని టీవీలో విలేకరినే నిలదీశారు.

గల్ఫ్ విభాగం మళ్ళీ సమావేశమైంది. ఆశిష్ మళ్ళీ పుట్టాడు.

“ప్రేమకు హద్దుల్లేవు!” అని చదివాడు మల్లికార్జునరావు. అదే గొంతు, అదే వేలు.

“సార్, మరి పోయినసారి పశువులు...” ఆశిష్ నసిగాడు.

“పశువులకేం తెలుసయ్యా! నువ్వు కేక్ కట్ చెయ్.”

మర్నాడే బర్ దుబాయ్ వెళ్ళి రెండు పట్టుచీరలు కొనుక్కొచ్చాడు. అవి మణి ఒళ్ళో పెట్టాడు.

“నా బంగారుతల్లిని ఎంత ఏడిపించానో” అంటూ నిజంగానే ఏడ్చాడు. పార్టీ ఒప్పుకున్నాక ఏడవడానికి అభ్యంతరం ఏముంటుంది?

కాసేపటికి తేరుకుని, కళ్ళు తుడుచుకుని అడిగాడు.

“ఇప్పుడు చెప్పు మణీ. ఆ అమ్మాయి ఎవరు? ఎవరి పిల్ల?”

మణి ఫోన్ కలిపి అతని చేతికిచ్చింది.

“వాళ్ళ నాన్నగారితోనే మాట్లాడండి.”

ఇన్నేళ్ళలో “ఏమోయ్ రావూ” తప్ప మరో పిలుపు ఎరగని గొంతు అటునుంచి ఎంతో వినయంగా, “బావగారూ, మా అమ్మాయికీ మీ తన్మయికీ ముహూర్తం మీరెప్పుడంటే అప్పుడే” అంది.